అయిదున్నర నిమిషాల తర్వాత

400 మీటర్ల ట్రాకు మీద నాలుగు చుట్లు, ఒక్కో చుట్టుకు 82 సెకన్ల చిల్లర. ఆర్మీ నియామక ర్యాలీలో 1.6 కిలోమీటర్ల పరుగును అయిదున్నర నిమిషాల్లో ముగించాలంటే లెక్క ఇదే. తెల్లవారుజామున నాలుగున్నరకే కాలేజీ మైదానాల్లో, బైపాస్ రోడ్ల అంచున, చెరువు కట్టల మీద పరుగెత్తే తెలుగు కుర్రాళ్లలో చాలామంది బతుకు ఈ అంకె చుట్టూనే తిరుగుతుంటుంది. పరుగు ఆగీ ఆగకముందే, నడుం మీద చేతులు వేసుకుని ఒగర్చుతూనే అడిగే మొదటి మాట: "టైమింగ్ ఎంత?"

ఆ ఆత్రంలో అర్థముంది. 5 నిమిషాల 30 సెకన్ల లోపు వస్తే మొదటి గ్రూపు, 60 మార్కులు. ఒక్క సెకను దాటితే రెండో గ్రూపు, 48. బీమ్ మీద 10 పుల్లప్స్ తీస్తే 40 మార్కులు, ఆరుతో ఆగితే 16. తొమ్మిదడుగుల గుంత దూకడానికీ జిగ్‌జాగ్ బ్యాలెన్స్ మీద నడవడానికీ మార్కుల్లేవు, గట్టెక్కితే చాలు. ఈమధ్య పరుగు గడువును 6 నిమిషాల 15 సెకన్ల దాకా పెంచి, తక్కువ మార్కులతో ఇంకో రెండు గ్రూపులు చేర్చారు గానీ, మెరిట్‌లో నిలబడాలంటే మొదటి గ్రూపులో ఉండాల్సిందే. పోలీసు ఈవెంట్స్‌కు తయారైనవాడు ఇక్కడికొచ్చి కంగు తినడానికి కారణం కూడా ఇదే. తెలంగాణ 2022 కానిస్టేబుల్ నియామకాల్లో పురుషులకు 1600 మీటర్లకు ఇచ్చిన గడువు 7 నిమిషాల 15 సెకన్లు, అంటే చుట్టుకు 108 సెకన్లకు పైనే. సైన్యం అడిగేది అదే చుట్టును పాతిక సెకన్లు ముందుగా.

దీని తర్వాతి మెట్టు సైన్యంలోని పారా కమాండోలు, నౌకాదళ కమాండోలైన మార్కోస్. అక్కడ ఇంకా వేగంగా పరుగెత్తాలి కాబోలు అనుకుంటారు. కాగితం మీద మాత్రం లెక్క తలకిందులుగా కనిపిస్తుంది. ప్రవేశ పరీక్ష వివరాలు బాగా బయటికి తెలిసిన దళం అమెరికా నేవీ సీల్స్. వాళ్ల కనీస అర్హత: 500 గజాల ఈత 12 నిమిషాల 30 సెకన్లలో, రెండు నిమిషాల్లో 50 పుషప్స్, మరో రెండు నిమిషాల్లో 50 పొట్ట వ్యాయామాలు, 10 పుల్లప్స్, చివరగా ఒకటిన్నర మైళ్ల పరుగు 10 నిమిషాల 30 సెకన్లలో. పరుగును మన కొలతలోకి మారిస్తే కిలోమీటరుకు 4 నిమిషాల 21 సెకన్లు. మన ర్యాలీ మొదటి గ్రూపు వేగం కిలోమీటరుకు 3 నిమిషాల 26 సెకన్లు. దూరం తక్కువే అయినా, వేగంలో అనంతపురం కుర్రాడే ముందున్నాడు.

అయితే ఆ పరుగు అక్కడ అయిదో అంశం. నీళ్లలోంచి బయటికొచ్చాక విరామం పది నిమిషాలు. పుషప్స్ అయ్యాక రెండే రెండు నిమిషాలు, పొట్ట వ్యాయామాలయ్యాక ఇంకో రెండు. చేతులు వణుకుతుండగా బీమ్ పట్టుకోవాలి, దిగాక పది నిమిషాల్లో పరుగు గీత దగ్గర నిలబడాలి. అంశాలను విడివిడిగా తీసుకుంటే గట్టిగా సాధన చేసిన కాలేజీ ఆటగాడు దేన్నయినా దాటేస్తాడు. వరుసగా పెడితేనే లోపాలు బయటపడతాయి. పైగా కనీస మార్కుతో వచ్చినవాణ్ని తీసుకుంటారన్న భరోసా లేదు. పోటీలో నిలవాలంటే ఈత పది నిమిషాల లోపు, పుల్లప్స్ పదిహేనుకు పైన, పరుగు తొమ్మిదిన్నర నిమిషాల లోపు ఉండాలంటారు.

ఇంతా చేస్తే ఇది గడప మాత్రమే. లోపలికెళ్లాక 24 వారాల శిక్షణ, అందులో 'హెల్ వీక్' అని అయిదున్నర రోజులు. ఆ రోజులన్నింటిలో కలిపి దొరికే నిద్ర నాలుగు గంటలు ఉంటే గొప్ప. మానుకోవాలనుకున్నవాడు ఇత్తడి గంటను మూడుసార్లు కొట్టి హెల్మెట్ అక్కడ పెట్టి వెళ్లిపోవచ్చు. మొదలుపెట్టినవాళ్లలో ఎక్కువమంది ఏదో ఒక దశలో వెళ్లిపోయేవాళ్లే. వాళ్లంతా ప్రవేశ పరీక్షలో నెగ్గి వచ్చినవాళ్లేనన్నది గుర్తుంచుకోవలసిన సంగతి.

అసలు చిక్కంతా ఇక్కడుంది. ప్రవేశ పరీక్ష కొలిచేది ఒక్క ఉదయం ఒంట్లో ఉన్న సత్తువను. ఎంపిక శిక్షణ కొలిచేది ఆ సత్తువ ఖర్చయిపోయిన మర్నాడు ఏం మిగిలిందో దాన్ని. మొదటిదానికి అంకె ఉంది కాబట్టి దాని చుట్టూ కోచింగులు వెలిశాయి, ఫ్లెక్సీలు లేచాయి. రెండోదానికి అంకె లేదు, అందుకే దాన్ని ఎవరూ అమ్మడం లేదు.

మన దేశంలోనూ దారి ఇలాంటిదే. పారా స్పెషల్ ఫోర్సెస్‌లోకి వెళ్లాలంటే ముందు సైనికుడు కావాలి, మార్కోస్‌కైతే నావికుడు కావాలి. ఆ తర్వాత తనంతట తాను ముందుకు రావాలి. 1989లో ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో ఐపీఎస్ అధికారి కె.ఎస్. వ్యాస్ తీర్చిదిద్దిన గ్రేహౌండ్స్‌ది కూడా అదే పద్ధతి, పోలీసుశాఖలో ఉన్నవాళ్లలోంచే ఏరుకుంటారు. పారా ఎస్ఎఫ్ ప్రొబేషన్, అంటే ఎంపిక శిక్షణ, చాలాకాలం 90 రోజులు, తర్వాత దాన్ని ఆరు నెలలకు పెంచారు. వీపున బరువుతో పదుల కిలోమీటర్ల వేగపు నడకలు, నిద్రలేమి, తిండి కోత, అలసిన బుర్రతో తీసుకోవలసిన నిర్ణయాలు, ఇవన్నీ ఆ నెలల్లోనే. పారా దళానికి గుర్తయిన మెరూన్ టోపీ వీటి అవతల ఉంది. 1987లో మొదలైన మార్కోస్‌కు విశాఖ తీరంలోనే ఐఎన్ఎస్ కర్ణ అనే స్థావరం ఉంది, 2016 జులైలో నౌకాదళంలో చేరింది. తెలుగు కుర్రాడికి దూరం రీత్యా ఇంతకన్నా దగ్గరి సైనిక కమాండో గడప లేదు. కానీ అది నీళ్ల గడప, ఆ సంగతి కాస్త ఆగి చూద్దాం.

నోటిఫికేషన్ పడ్డాక ఊళ్లో జరిగేది ఒకే తంతు. మర్నాటి నుంచి గ్రౌండ్‌కు జనం. రోజూ 1600, రోజూ పూర్తి వేగం, రోజూ టైమింగ్. మొదటి మూడు వారాలు టైమింగ్ దిగుతుంది, ఉత్సాహం ఎక్కుతుంది. నాలుగో వారంలో కాలి ముందెముక పట్టుకుంటుంది. గుండె, ఊపిరితిత్తులు, కండరాలు కొద్ది వారాల్లోనే దారికొస్తాయి. స్నాయువులకూ ఎముకలకూ నెలలు కావాలి. ఎముక కొత్త బరువుకు అలవాటు పడే తీరు పాత ఇల్లు మరమ్మతు చేసినట్టుంటుంది. ముందు బలహీనమైన భాగాన్ని తవ్వి తీసేస్తుంది, తర్వాత కొత్తది పోసుకుంటుంది. తవ్వడం అయి పోత ఇంకా గట్టిపడని ఆ కొన్ని వారాల్లోనే మనవాడు సిమెంటు రోడ్డు మీద అరిగిపోయిన బూట్లతో రోజూ దడదడలాడిస్తుంటాడు. ఊపిరి బాగుంది కాబట్టి కాలు కూడా బాగుందనుకుంటాడు.

ఇక్కడ వేలితో చేసే చిన్న పరీక్ష ఒకటి పనికొస్తుంది. పిక్క ముందువైపు ఎముక అంచున పైనుంచి కిందికి బొటనవేలితో నొక్కుకుంటూ రావాలి. నొప్పి బెత్తెడు పొడవునా పరచుకుని, వేడెక్కాక కాస్త తగ్గుతుంటే అది షిన్ పెయిన్. పరుగు తగ్గించి, బూట్లు, నేల మార్చుకుంటే చాలావరకు సర్దుకుంటుంది. అలా కాక రూపాయి బిళ్లంత చోట నొక్కగానే ప్రాణం లేచి వస్తుంటే, రాత్రి పడుకున్నా సలుపుతుంటే, ఎముకలో చీలిక మొదలైందేమోనని అనుమానించాలి. అప్పుడు బామ్ రాసి, క్రేప్ బ్యాండేజ్ చుట్టి పరుగెత్తడమంటే ఆరు వారాల విశ్రాంతితో పోయేదాన్ని ఆరు నెలలకు సాగదీయడమే. తొలి రోజుల్లో ఎక్స్‌రేలో ఈ చీలిక కనిపించకపోవచ్చు. "ఎక్స్‌రేలో ఏం లేదన్నారు" అన్న ధైర్యంతో మళ్లీ ట్రాకెక్కినవాళ్లు చాలామంది ఉంటారు.

టైమింగ్ దించే పని పరమ విసుగు పని. వారంలో పరుగెత్తే దూరంలో ముప్పాతిక భాగం పక్కవాడితో కబుర్లు చెప్పగలిగే వేగంలో ఉండాలి. ఇది చెబితే కుర్రాళ్లు నవ్వుతారు, ముసలాళ్ల జాగింగులా ఉంటుందని. కాలికి రక్తనాళాల అల్లిక పెరిగేదీ, ఎముకకు మరమ్మతు వ్యవధి దొరికేదీ ఆ నెమ్మది పరుగులోనే. మిగిలిన పావు గట్టిగా ఉండాలి. ఒకరోజు 400 మీటర్లు 82 సెకన్లకు అటూ ఇటూగా ఆరుసార్లు, మధ్యలో రెండు మూడు నిమిషాల నడక. ఇంకోరోజు ఇరవై నిమిషాల పాటు రెండు మూడు మాటలకు మించి పలకలేని వేగం. పూర్తి 1600కు టైమింగ్ పెట్టుకోవడం పదిహేను రోజులకోసారి చాలు. ప్రతి నాలుగో వారం దూరం తగ్గించాలి. పరీక్ష రోజు జరిగే పెద్ద తప్పు కూడా వేగానిదే. వందలమందిని గుంపుగా వదులుతారు, తోపులాటలో మొదటి చుట్టు 72 సెకన్లకే లాగించేస్తాడు, మూడో చుట్టులో కాళ్లు సీసమైపోతాయి. గడువు ముగిసి తాడు అడ్డం పడేసరికి గీతకు పది అడుగుల దూరంలో నిలబడిపోయేవాళ్లలో నిదానస్తుల కంటే తొందరపడ్డవాళ్లే ఎక్కువ.

బీమ్ సంగతి వేరు. దాని మీద ఊపుకు మార్కుల్లేవు. చేతులు పూర్తిగా చాచి వేలాడాలి, గడ్డం కడ్డీ పైకి రావాలి, కాళ్లతో ఈదకూడదు. మూడే వచ్చేవాడు రోజుకోసారి ఆ మూడింటి కోసం గింజుకుంటే నెలకు నాలుగవుతాయి. అదే కుర్రాడు పెరట్లో వేపకొమ్మకో, రెండు గుంజల మధ్య బిగించిన నీళ్ల పైపుకో పొద్దుట్నుంచి రాత్రి దాకా వచ్చేటప్పుడూ పోయేటప్పుడూ ఒకటీ రెండూ చొప్పున తీస్తే లెక్క ఇరవై దాటుతుంది, అలసట మాత్రం రాదు. పైకి ఎగిరి పట్టుకుని, అయిదు అంకెలు లెక్కపెడుతూ కిందికి దిగడం ఇంకో ఉపాయం. లాగే బలం కన్నా ముందు ఆపే బలం వస్తుంది. అరచేతుల కాయలను వారానికోసారి నున్నగా అరగదీసుకోకపోతే అవి చిట్లేది సరిగ్గా పరీక్ష ముందే.

ఇక బరువు. ర్యాలీలో దీని ఊసే లేదు కాబట్టి చాలామంది ప్రొబేషన్ దాకా వీపు సంచి ముఖం చూడరు. బ్రిటిష్ సైన్యపు ప్రత్యేక దళం ఎస్ఏఎస్ ఎంపికలో వేల్స్ కొండల మీద 886 మీటర్ల పెన్ ఇ ఫాన్ శిఖరాన్ని ఒకవైపు నుంచి ఎక్కి అవతల దిగి, మళ్లీ అదే దారిన వెనక్కి రావాలి. మొత్తం 24 కిలోమీటర్లు, వీపున సంచి, చేతిలో రైఫిల్. ఆ కొండల దశలో చివరి పరీక్ష 64 కిలోమీటర్లు, 20 గంటల్లో. ఇక్కడ చతికిలబడేవాళ్లలో బలహీనులు తక్కువ. పాదాలు బొబ్బలెక్కినవాళ్లు, భుజం పట్టీలు కోసుకుపోయినవాళ్లు ఎక్కువ.

మొదట పది కిలోలు చాలు. చిన్న చిన్న ప్యాకెట్లలో ఇసుక నింపి, పాత దుప్పటిలో చుట్టి, సంచి పైభాగంలో భుజాల మధ్యకు వచ్చేలా సర్దుకోవాలి. అడుగున వేస్తే నడుమును వెనక్కి లాగుతుంది. వారానికి ఒక్కసారే, నడకే. బరువుతో పరుగెత్తడం మోకాళ్లతో జూదం. దూరం పెంచిన వారం బరువు పెంచకూడదు, బరువు పెంచిన వారం దూరం ముట్టుకోకూడదు. ఒంటి బరువులో మూడో వంతుకు చేరేసరికి ఆరేడు నెలలు పట్టినా తప్పులేదు. పాదాల పోషణ దీనికన్నా ముఖ్యం. గోళ్లు అడ్డంగా కత్తిరించాలి, తడిసిన సాక్సులు మార్చాలి, చర్మం వెచ్చగా చురుక్కుమన్న క్షణంలోనే ఆగి టేపు వేయాలి. "ఇంకో కిలోమీటరే కదా" అని సాగిపోయిన చోటల్లా బొబ్బ లేస్తుంది. వారం రోజుల ఎంపికలో రెండో రోజు లేచిన బొబ్బ అయిదో రోజు నిర్ణయాన్ని తీసుకుంటుంది.

నీళ్ల గడప సంగతి. పల్లెల్లో ఈత రాని కుర్రాళ్లు ఒకప్పుడు తక్కువ. నడుముకు బెండ్లు కట్టి బావిలోకి తోసేసి నేర్పిన ఈత అది. మునగకుండా తేలడం, గట్టు మీంచి దూకడం, అడుగుకెళ్లి మట్టి తేవడం వస్తాయి. భయం పోతుంది, అది చిన్న విషయం కాదు. కానీ బావి వ్యాసం పదిహేను అడుగులు. సీల్స్ పరీక్షలో తిరిగే 457 మీటర్లు తల నీళ్లలో పెట్టి, ఊపిరి లయ తప్పకుండా, పక్కవాటు ఈతలోనో కప్ప ఈతలోనో సాగాలి. వంద మీటర్లకు 2 నిమిషాల 44 సెకన్లు మించకూడదు. కండబలంతో నీళ్లను కొట్టేవాడు రెండొందల మీటర్లకే ఆయాసపడతాడు. ఈత నైపుణ్యం, బలంతో పూడ్చుకునే లోటు కాదు. నౌకాదళం వైపు చూసేవాడు పరుగు కన్నా ఏడాది ముందు ఈత కొలనులో దిగాలి, అదీ నేర్పేవాడు గట్టు మీద ఉండగా. ఒంటరిగా ఊపిరి బిగబట్టి నీటి అడుగున ఉండే సాధన అసలు వద్దు. స్పృహ తప్పడానికి ముందు ఏ హెచ్చరికా రాకపోవచ్చు.

ఎండ విషయంలో మనవాళ్లకు అనవసరమైన ధీమా ఒకటుంది, పుట్టి పెరిగిందే ఎండలో కదా అని. 2013 జులైలో వేల్స్ కొండల మీద ఎస్ఏఎస్ రిజర్వు దళం ఎంపిక నడకలో ముగ్గురు వడదెబ్బకు ప్రాణాలు కోల్పోయారు. చలికి పేరుమోసిన దేశంలో, శిక్షణ పొందిన సైనికులకు జరిగిన సంగతిది. 2024 ఆగస్టు చివర్లో జార్ఖండ్‌లో ఎక్సైజ్ కానిస్టేబుల్ పోస్టులకు పది కిలోమీటర్ల పరుగు పెడితే పదిమందికి పైగా అభ్యర్థులు చనిపోయారు. 2025 జనవరిలో మచిలీపట్నంలో కానిస్టేబుల్ దేహదారుఢ్య పరీక్షలో 1600 మీటర్ల పరుగులోనే ఒక కుర్రాడు కుప్పకూలి మరణించాడు, అదీ చలికాలం ఉదయం. అన్నింటికీ కారణం ఒకటే కాకపోవచ్చు. బయటికి తెలియని గుండె లోపం ఉండొచ్చు, నిద్రలేని రాత్రి ప్రయాణం ఉండొచ్చు, ఖాళీ కడుపు ఉండొచ్చు. ఇంట్లో ఎవరైనా చిన్న వయసులో హఠాత్తుగా చనిపోయి ఉంటే, పరుగులో ఎప్పుడైనా స్పృహ తప్పి ఉంటే, ఈసీజీ తీయించుకోకుండా గ్రౌండ్‌లో దిగడం తెలివితక్కువ పని.

ఒళ్లు ఎండకు అలవాటు పడటానికి పది నుంచి పద్నాలుగు రోజులు పడుతుంది, మానేస్తే కొద్ది వారాల్లోనే పోతుంది. పరుగెత్తేవాడు తూలుతూ, అడిగినదానికి పొంతన లేని జవాబు చెబుతుంటే అది అలసట కాదు. అంబులెన్సు కోసం చూస్తూ విసనకర్రతో విసరడం చాలదు. ముందు అక్కడే తొట్టిలో కూర్చోబెట్టో, ఐసునీళ్లు గుమ్మరించో చల్లార్చాలి, ఆ తర్వాతే ఆస్పత్రి. దాహానికి మించి లీటర్లకు లీటర్లు వట్టి నీళ్లు తాగడమూ ప్రమాదమే. ఒంట్లో ఉప్పు పలచబడిపోతుంది. ఉప్పు వేసిన పలచటి మజ్జిగకు సాటి వచ్చేది బజార్లో తక్కువ.

ర్యాలీ ముందు రోజు 'స్టామినా ఇంజెక్షన్' వేయించుకునే పిచ్చి కూడా ఉంది. ఇది మన దగ్గరే కాదు. 2022 ఫిబ్రవరిలో హెల్ వీక్ పూర్తిచేసిన కొన్ని గంటలకే ఒక సీల్ అభ్యర్థి న్యుమోనియాతో చనిపోయాడు. ఆ తర్వాతి విచారణలో శిక్షణార్థుల్లో సామర్థ్యం పెంచే మందుల వాడకం బయటపడి, నేవీ మందుల పరీక్షలు పెట్టాల్సి వచ్చింది. నిజంగా పనిచేసే మందు చవకైనది, నిద్ర. ఇజ్రాయెల్ సైన్యంలో కొత్తవాళ్లకు రాత్రి కనీసం ఆరు గంటల నిద్ర తప్పనిసరి చేసి, మొత్తం నడక దూరం తగ్గిస్తే ఎముక చీలికలు సగానికి పైగా తగ్గాయి. తెల్లారి నాలుగింటికి గ్రౌండ్‌లో ఉండాలనుకునేవాడు రాత్రి పదకొండున్నర దాకా ఫోనులో మోటివేషన్ వీడియోలు చూస్తుంటే లెక్క ఎక్కడో తప్పుతోంది.

వీటన్నింటికన్నా ముందు చేయవలసిన పనిని అందరూ చివరికి వాయిదా వేస్తారు. అది వైద్య పరీక్ష. మన రాష్ట్రాల నుంచి జనరల్ డ్యూటీ సైనికుడి పోస్టుకు ఎత్తు 166 సెంటీమీటర్లు, ఛాతీ 77, గాలి పీలిస్తే మరో 5 పెరగాలి. ఇవి టేపుతో ఇంట్లోనే తేలిపోతాయి. తడి పాదంతో నాపరాయి మీద నిలబడి చూసుకుంటే ముద్ర మధ్యలో వంపు కనిపిస్తుందా, మొత్తం పాదం అచ్చు పడుతుందా అన్నది తెలిసిపోతుంది. మడమలు కలిపి నిలబడబోతే అవి కలవకముందే మోకాళ్లు ఒరుసుకుంటున్నాయా, రంగులు సరిగా కనిపిస్తున్నాయా, పళ్లు ఎన్ని పుచ్చాయి, పచ్చబొట్టు ఎక్కడ వేయించుకున్నాడు, ఇవన్నీ రెండేళ్ల పరుగు తర్వాత అయిదు నిమిషాల్లో వెనక్కి పంపించగల కారణాలు. కొన్నింటికి ముందే చికిత్స ఉంది, కొన్నింటికి లేదు. ఏది ఏదో మొదటి రోజే ఒక డాక్టరు చెప్పగలడు.

ఆపై మిగిలేది కాలం లెక్క. సైన్యంలో చేరడానికి తెచ్చిన అగ్నిపథ్ పథకాన్ని 2022 జూన్‌లో ప్రకటించినప్పుడు వయసు పదిహేడున్నర నుంచి 21, కొలువు నాలుగేళ్లు, ఆ తర్వాత సైన్యంలో కొనసాగేది గరిష్ఠంగా 25 శాతం మంది. శిక్షణకూ యూనిట్‌లో కుదురుకోవడానికీ ఏడాది దాకా పోతుంది. అప్పుడు పారా ఎస్ఎఫ్‌కు ముందుకొచ్చినవాడు ఆరు నెలల ప్రొబేషన్ గట్టెక్కేసరికి చేతిలో మిగిలేది రెండున్నరేళ్లు. ఆ మధ్యలో కాలు విరిగితే కోలుకుని మళ్లీ ప్రయత్నించే వ్యవధి దాదాపు ఉండదు. బరువుకు తట్టుకునే ఎముక, కొలనులో ఈత, చెప్పినట్టు వినే పాదాలు యూనిఫాం వేసుకున్నాక సంపాదించుకోవచ్చనుకునే వీలు పాత పద్ధతిలో కొంతైనా ఉండేది. ఇప్పుడు అవి ఇంటర్ చదివే రోజుల్లోనే మొదలవ్వాలి. అంటే అయిదున్నర నిమిషాల అంకె తలకెక్కకముందే, టైమింగ్ ఎవరూ అడగని రోజుల్లో, చెరువు కట్ట మీద కబుర్లు చెప్పుకుంటూ తీసే నెమ్మది పరుగుతో.